చివరి ఏడాది బల్ల మీద ఏముంది? గ్రాఫిక్ కమ్యూనికేషన్ డిగ్రీకి విలువ కట్టడం

(అచ్చుపనివారి స్మృతిలో రామన్నపేట శ్రోతల కోసం సిద్ధం చేసిన స్మారక ఉపన్యాసం)

1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు సంపాదకుడిగా ‘నీలగిరి’ పత్రిక వెలువడింది. నాలుగేళ్లకు, 1926లో, పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ మొదలుపెట్టారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో తెలుగు అక్షరాన్ని అచ్చులో నిలబెట్టిన ఆ సంపాదకుల పేర్లు చరిత్రలో ఉన్నాయి, ఉండాలి కూడా. కాని సీసపు అక్షరాలను కేసులోంచి ఒక్కొక్కటిగా ఏరి, స్టిక్కులో తిరగేసి పేర్చి, ప్రూఫు తీసి, తప్పులు దిద్ది, మిషన్ మీద కాగితం పెట్టినవారి పేర్లు ఎక్కడా లేవు. ఈ ఉపన్యాసం వారి స్మృతికి అంకితం.

వారికి డిగ్రీలు లేవు. కేసు ముందు నిలబడి గడిపిన ఏళ్లే వారి చదువు. ఏ అక్షరం ఏ గడిలో ఉందో చేతివేళ్లకు తెలిసేది, ఒత్తు ఎక్కడ విరుగుతుందో కంటికి తెలిసేది. ఇప్పుడు ఆ పనికి, దాని నుంచి పుట్టిన అనేక పనులకు కాలేజీలున్నాయి. ఒకచోట అప్లైడ్ ఆర్ట్ అంటారు, మరోచోట విజువల్ కమ్యూనికేషన్, ఇంకోచోట కమ్యూనికేషన్ డిజైన్, వేరొకచోట ప్రింటింగ్ టెక్నాలజీ. అమెరికాలో కొన్నిచోట్ల గ్రాఫిక్ కమ్యూనికేషన్ అనే అంటారు. పేరు ఏదైనా, ఒకరి మనసులోని మాటను అక్షరంగా, బొమ్మగా, రంగుగా మార్చి, కాగితం మీదనో గుడ్డ మీదనో తెర మీదనో ఇంకొకరి కంటికి చేర్చే విద్య ఇది.

రామన్నపేట, వలిగొండ, చిట్యాల మండలాల్లో ఇంటర్ పాసై, బొమ్మలేసే చెయ్యి ఉన్న పిల్లలు తక్కువేమీ లేరు. బతుకమ్మకు, బోనాలకు, ఊరి జాతరకు ఫ్లెక్సీలు తయారు చేసి పెడుతుంటారు. ఆ పిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: నాలుగేళ్లు పెట్టి ఈ చదువు చదివిస్తే అది నిజంగా చదువేనా? ఆ ప్రశ్నకు కాలేజీల బ్రోచర్లు జవాబు చెప్పవు. మెరిసే కంప్యూటర్ ల్యాబు ఫోటో, సాఫ్ట్‌వేర్ల పేర్లు, పేరున్న పూర్వ విద్యార్థుల బొమ్మలు చూపిస్తాయి. ఈ మూడింటిలో దేనితోనూ డిగ్రీ విలువ తేలదు. చివరి ఏడాది విద్యార్థి బల్ల మీద ఏముందో చూస్తేనే తేలుతుంది. అందులోనూ తెలుగునాట అయితే, ఆ బల్ల మీద తెలుగు అక్షరం ఏ స్థితిలో ఉందో చూడాలి.

ముందు, మన దగ్గర ఉన్నవేమిటి?

హైదరాబాదు మాసాబ్ ట్యాంకులోని లలితకళల కళాశాలకు 1940లో పునాది పడింది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2008లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంగా విడిగా నిలబడింది. పెయింటింగ్, శిల్పంతోపాటు అప్లైడ్ ఆర్ట్‌లో నాలుగేళ్ల బి.ఎఫ్.ఎ. అక్కడ ఉంది. చేరాలంటే గీత, రంగు చూపించే ప్రవేశపరీక్ష రాయాలి. సికింద్రాబాదులో ప్రభుత్వ ప్రింటింగ్ టెక్నాలజీ సంస్థ ఉంది. పాలిసెట్ రాసి పదో తరగతి తరువాతే అక్కడ డిప్లొమాలో చేరవచ్చు. ఐఐటీ హైదరాబాదులో డిజైన్ విభాగం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో మొదలైన జాతీయ డిజైన్ సంస్థ కమ్యూనికేషన్ డిజైన్ నేర్పుతోంది. వీటికి తోడు ప్రైవేటు కాలేజీలు.

ఇందులో పెద్ద లోటు ఒకటి ఉంది. బొమ్మ నేర్చుకునే పిల్లలు మాసాబ్ ట్యాంకులో, అచ్చు నేర్చుకునే పిల్లలు సికింద్రాబాదులో. ఒకరు రంగును తెర మీద చూస్తారు, ఇంకొకరు సిరా డబ్బాలో చూస్తారు. ఒకే నగరంలో ఉండి కూడా, ఈ రెండు చదువులు రెండు వేర్వేరు శాఖల కింద, రెండు వేర్వేరు ప్రవేశాలతో, రెండు వేర్వేరు స్థాయిల్లో నడుస్తున్నాయి. ప్రింటింగ్ డిప్లొమా చేసినవాడు అదే విషయంలో ఇంజనీరింగ్ డిగ్రీ కావాలంటే చెన్నై గిండీ కాలేజీ వైపో, కోల్‌కతా జాదవ్‌పూర్ వైపో చూడాలి. ఇది చిన్న విషయం కాదు. తెర మీద కళకళలాడిన నీలం ఆఫ్‌సెట్ మీద ఎందుకు చచ్చుబడిందో డిజైనరుకు తెలియదు. ఆ డిజైను ఆ కాగితం మీద అచ్చుకు ఎందుకు నిలవదో ప్రింటరుకు తెలుసు, కాని మార్చే అధికారం ఉండదు. మధ్యలో నలిగేది డబ్బు పెట్టిన పుస్తక ప్రచురణకర్త, లేదా పెళ్లికార్డు కొట్టించుకున్న కుటుంబం.

కాలిఫోర్నియాలో శాన్ లూయిస్ ఒబిస్పో పట్టణంలోని కాల్ పాలీ విశ్వవిద్యాలయంలో 1946 నుంచి గ్రాఫిక్ కమ్యూనికేషన్ విభాగం ఉంది. అక్కడ డిజైన్, ముద్రణ, ప్యాకేజింగ్, వెబ్, నిర్వహణ ఒకే కప్పు కింద చెబుతారు. విద్యార్థులే నడిపే ముద్రణ సంస్థ ఒకటి అక్కడ ఉంది. బయటివారి ఆర్డరు తీసుకుని, ధర చెప్పి, గడువులోగా అచ్చువేసి ఇవ్వాలి. దక్షిణ కరోలినాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో ఈ డిగ్రీ చేతికి రావాలంటే పరిశ్రమలో ఇంటర్న్‌షిప్ చేసి తీరాలి. అమెరికాలో ఈ కోర్సులను తూచడానికే ప్రత్యేకంగా ఒక గుర్తింపు మండలి ఉంది. విభాగం ముందు తన గురించి తానే నివేదిక రాసుకుంటుంది. తరువాత బయటివారు వచ్చి చూస్తారు. అమెరికా పద్ధతి మనకు అచ్చంగా సరిపోతుందని కాదు. ఆ పనికి తగిన కొలతతో ఆ పనిని కొలవాలన్న పట్టింపు మాత్రం నేర్చుకోదగ్గది.

మన కొలతలు ఎలా ఉన్నాయి? కాలేజీల నాణ్యతను తూచడానికి 1994లో ఏర్పడిన జాతీయ మండలి న్యాక్ ఏడు ప్రమాణాలతో కాలేజీ మొత్తాన్ని చూస్తూ వచ్చింది. పాఠ్యప్రణాళిక, బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థులకు ఆసరా, పాలన, విలువలు. 2016 నుంచి వస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు అయిదు కొలతలతో లెక్కేస్తాయి. ఇంజనీరింగ్‌కు, వైద్యానికి, న్యాయశాస్త్రానికి, ఆర్కిటెక్చర్‌కు విడి జాబితాలున్నాయి. డిజైన్‌కు, లలితకళలకు లేవు. ఈ సంస్థలు పనికిరానివని అనడం అన్యాయం. గ్రంథాలయం ఉందా, ఖాళీ పోస్టులెన్ని, ఆడపిల్లలెంతమంది, దూరప్రాంతాల నుంచి ఎంతమంది వచ్చారు అన్నవి తెలియాల్సిన సంగతులే. కాని పీహెచ్‌డీల లెక్క, పరిశోధన పత్రాల లెక్క చూసి పోస్టరు వేసే విద్యను తూచలేం. గ్రేడు ఘనంగా ఉన్న కాలేజీ నుంచి ‘రాష్ట్రం’ అన్న మాటను ఒత్తులు గుద్దుకోకుండా కూర్చలేని పట్టభద్రుడు రావచ్చు. గ్రేడే లేని చోట అద్భుతమైన చేయి తయారు కావచ్చు.

అందుకే బల్ల దగ్గరికి వెళ్లాలి. లలితకళల కాలేజీల్లో ఏడాది చివర విద్యార్థుల పనిని గోడలకు పెట్టి, బల్లల మీద పరిచి చూపిస్తారు. అక్కడికి వెళ్లినవారు సాధారణంగా ముందు గదిలో పెట్టిన మంచి పనులు చూసి మెచ్చుకుని వస్తారు. విలువ కట్టదలచినవారు ఇంకా లోపలికి పోవాలి. మొదటి మార్కు వచ్చినవారి పని కాదు, తరగతిలో మధ్యలో ఉన్న విద్యార్థి పని అడగాలి. గోల్డ్ మెడల్ వచ్చిన పిల్ల ఏ కాలేజీలో చేరినా రాణించేది. కాలేజీ ఏం నేర్పిందో మధ్యవాడి దగ్గర తెలుస్తుంది. అతడి చివరి పోస్టరు ఒక్కటే కాక, దానికి ముందు వేసి కొట్టేసిన చిత్తులు అడగాలి. పది చిత్తులుండి, ఒకదానికీ ఇంకొకదానికీ ఏం మారిందో, ఎందుకు మార్చాడో అతడు చెప్పగలిగితే అక్కడ పాఠం జరిగింది. చిత్తులే లేకుండా నేరుగా మెరిసే పని ఉంటే అనుమానించాలి. ఈ రోజుల్లో నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మ గీసిపెట్టే కృత్రిమ మేధ యంత్రాలున్నాయి కాబట్టి మరీ అనుమానించాలి. ఆ యంత్రాలు ఇంగ్లీషు అక్షరాలను చక్కగా పెట్టినా తెలుగు ఒత్తులను తరచూ కలగాపులగం చేస్తాయి. పోస్టరు మీది తెలుగును దగ్గరగా చదివితే ఏది చెయ్యి, ఏది యంత్రం అన్నది చాలాసార్లు బయటపడుతుంది.

తెలుగు అక్షరం దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన డిగ్రీల అసలు పరీక్ష ఇదే. తెలుగు మొదట అచ్చయింది జర్మనీలోని హాలే పట్టణంలో, 1746 ప్రాంతంలో, బెంజమిన్ షుల్ట్జ్ చేయించిన పుస్తకాలలో. అప్పటి నుంచి ఈ లిపి అచ్చువారిని ఇబ్బంది పెడుతూనే ఉంది. అక్షరం మీద తలకట్టు, గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు రెండు రూపాల్లో ఉంటే సరిపోయే కేసు, తెలుగుకు వందల గడులు కోరేది. సీసం పోయి ఫోటోటైప్‌సెట్టింగ్ వచ్చింది, అది పోయి డీటీపీ వచ్చింది. పేజ్‌మేకర్‌లో ‘అను’ వంటి ఫాంట్లతో తెలుగు ప్రచురణ రంగం దశాబ్దాలపాటు నడిచింది, చాలాచోట్ల ఇంకా నడుస్తోంది. ఆ ఫాంట్లలో కూర్చిన పేజీ కంటికి తెలుగే, కంప్యూటరుకు మాత్రం ఇంగ్లీషు సంకేతాల కుప్ప. వెతికితే దొరకదు, ఫోనులో తెరిస్తే చదవరాదు. 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. విండోస్ ఎక్స్‌పీతో 2001లో ‘గౌతమి’ ఫాంటు ఇళ్లకు వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన’, ‘వేమన’ ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. ప్రవాసాంధ్ర సంస్థ సిలికానాంధ్ర కొన్ని అందమైన ఫాంట్లను అందరికీ ఉచితంగా విడుదల చేసింది. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఆ వరసలో ఒకదాని పేరు ‘సురవరం’. గోలకొండ పత్రిక సంపాదకుడి పేరు ఇవాళ ప్రపంచంలో ఎవరైనా దించుకుని వాడుకోగల అక్షరాల కుటుంబానికి ఉంది. పాలమూరు, నల్లగొండ పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి చెబుతున్నారు?

ఒక కోర్సులో టైపోగ్రఫీ పాఠం ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఆ పాఠంలో ఏ లిపి అని అడగాలి. తెలుగు రాష్ట్రాల్లో చాలా తరగతి గదుల్లో టైపోగ్రఫీ అంటే రోమన్ అక్షరాలే. హెల్వెటికా ఫాంటు గురించి చెప్పగల విద్యార్థికి, తెలుగులో వరసల మధ్య ఎడం ఇంగ్లీషుకన్నా ఎందుకు ఎక్కువ కావాలో తెలియదు. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయంలో టైపోగ్రఫీ, గ్రాఫిక్ కమ్యూనికేషన్ అన్న పేరుతోనే విభాగం ఉంది. మైఖేల్ ట్వైమన్ చొరవతో 1974లో ఏర్పడింది. భారతీయ లిపుల అక్షర రూపకల్పన మీద ఫియోనా రాస్ వంటివారు అక్కడ చేసిన కృషి ప్రపంచానికంతా తెలుసు. మన లిపి గురించి గట్టిగా నేర్చుకోవాలంటే మన పిల్ల ఇంగ్లండు పోవాల్సి రావడం మన డిగ్రీల మీద చెప్పదగిన తీర్పు. రీడింగ్‌లో ఇంకొక మంచి పని చేశారు. బస్సు టిక్కెట్లు, రసీదులు, సరుకుల చీటీలు, కరపత్రాలు, నిలవ ఉండని అచ్చు సరుకంతా పోగుచేసి చదువుకు ఆధారంగా పెట్టారు. తెలుగునాట ఏ కాలేజీలోనైనా పాత లగ్నపత్రికలు, సినిమా పాటల పుస్తకాలు, అగ్గిపెట్టె లేబుళ్లు, ఆర్టీసీ టిక్కెట్లు ఒక బీరువాలో పెట్టి ఉంటే, ఆ కాలేజీకి ఇంకేమీ అడగకుండానే కొన్ని మార్కులు వేయవచ్చు.

అక్షరం తరువాత సిరా. విద్యార్థి నాలుగేళ్లలో ఒక్కసారైనా తన పని ప్లేటు మీదకు ఎక్కి, మిషన్ మీద తిరిగి, కత్తిరించి, మడతపెట్టి, కుట్టి పుస్తకమయ్యేదాకా పక్కన నిలబడ్డాడా? రంగుల రిజిస్టర్ తప్పితే ఎలా కనిపిస్తుందో, డెబ్బై జీఎస్‌ఎం కాగితం మీద వెనక పేజీ బొమ్మ ఎలా తొంగిచూస్తుందో పుస్తకంలో చదివి నేర్చేవి కావు. హైదరాబాదులో చత్తాబజారు ఉంది. ఉర్దూ ఖుష్ఖతీ రాసే కాతిబ్‌లు, పెళ్లికార్డుల అచ్చు దుకాణాలు తరతరాలుగా ఉన్న వీధి. మాసాబ్ ట్యాంకు నుంచి ఆటోలో పోయేంత దూరం. ఆ వీధిలో ఒక నెల గడపకుండా హైదరాబాదులో గ్రాఫిక్ డిగ్రీ పూర్తి చేయనివ్వకూడదు. పదార్థం గురించి కూడా తెలియాలి. 2022 జులై 1 నుంచి వంద మైక్రాన్లకన్నా పలచటి ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు దేశమంతటా నిషేధం. ఫ్లెక్సీ డిజైను చేసే పట్టభద్రుడికి ఈ నిబంధన తెలియకపోతే, జరిమానా కట్టేది అతడిని నమ్మిన దుకాణందారు.

ఇక, ఈ ఉపన్యాసం ఎక్కువగా పట్టుబట్టదలచిన పరీక్ష ఒకటి ఉంది. అది రామన్నపేట చుట్టుపక్కల పత్తి చేలల్లోంచే వచ్చింది.

పురుగుమందు డబ్బా మీద కొసమీద నిలబెట్టిన ఒక చతురస్రం ఉంటుంది. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం అది లేబులు ముఖంలో పదహారో వంతుకు తగ్గకూడదు. దాన్ని రెండు త్రికోణాలుగా విడగొడతారు. కింది త్రికోణంలో రంగు, పైదాంట్లో హెచ్చరిక. ఎరుపు అంటే అత్యంత విషం, పుర్రె బొమ్మ కూడా ఉంటుంది. తరువాత పసుపు, ఆ తరువాత నీలం, చివర ఆకుపచ్చ. హిందీ, ఇంగ్లీషులతో పాటు అమ్మే ప్రాంతపు భాషలోనూ సమాచారం ఉండాలి. కాగితం మీద ఏర్పాటు చక్కగానే ఉంది. కాని అరచేతిలో పట్టే సీసాకు అంటించిన లేబులు మీద, లోపల పలు మడతలుగా మడిచిన కరపత్రం మీద ఆ తెలుగు ఎంత సన్నగా ఉంటుందో ప్రతి రైతుకూ తెలుసు. విరుగుడు ఏమిటి, ఎంత నీళ్లలో ఎంత కలపాలి, ఏ బట్ట వేసుకోవాలి అన్నవి అందులోనే ఉంటాయి. నలభై దాటిన కన్ను ఎండలో నిలబడి అది చదవలేదు. ఆకుపచ్చ గుర్తు చూసి భయమేమీ లేదనుకునేవారుంటారు. అదీ విషమే, కొంచెం తక్కువ. 2017లో మహారాష్ట్రలో, మన ఆదిలాబాదుకు ఆనుకునే ఉన్న యవత్మాల్ జిల్లాలో, పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. ఆ చావులకు కారణాలు చాలా ఉన్నాయి, మందులు కలపడం, చేను ఎత్తు, రక్షణ బట్టలు లేకపోవడం. చదవలేని లేబులు కూడా ఆ వరసలోదే.

ఇదే గ్రాఫిక్ కమ్యూనికేషన్ అసలు పని. చివరి ఏడాది విద్యార్థికి ఆ కరపత్రాన్ని ఇచ్చి, నిబంధనలు దాటకుండా, అదే కాగితం కొలతలో, తెలుగులో మళ్లీ కూర్చమనాలి. కూర్చిన తరువాత తరగతి గదిలో మార్కులు వేయకూడదు. మార్కెట్ రోజున ఊళ్లోకి తెచ్చి, మందు కొట్టే కూలీ చేతికి ఇచ్చి, ఏం అర్థమైందో అడగాలి. చదువురాని మనిషికి బొమ్మల ద్వారా ఎంత అందిందో చూడాలి. ఎక్కడ తప్పుగా అర్థమైందో రాసుకుని, తిరిగి వెళ్లి మార్చి, మళ్లీ తేవాలి. రెండోసారి తెచ్చినదానికే మార్కులు. ఇలాంటి ఒక్క ప్రాజెక్టు ఉన్న కోర్సు, కల్పిత కాఫీ బ్రాండుకు లోగోలు గీయించే పది ప్రాజెక్టుల కోర్సుకన్నా విలువైనది. లోగో తప్పని కాదు. ఇది నేర్చుకున్నవాడికి లోగో ఎలాగూ వస్తుంది.

అక్షరం రాని మనిషితో బొమ్మ ద్వారా మాట్లాడటం మన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు కొత్త కాదు. 1952 మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. నల్లగొండ ఓటర్లు ఆ గుర్తులు చూసే రావి నారాయణరెడ్డిని దేశంలోకెల్లా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. ఆహార పొట్లాల సంగతి పురుగుమందు లేబులుకు విరుద్ధం. ఇంగ్లీషు లేదా దేవనాగరి హిందీలో వివరాలుంటే చట్టానికి చాలు, తెలుగు వేయడం కంపెనీ ఇష్టం. ఇష్టపడి వేసే కంపెనీకి తెలుగును ఆ చిన్న చోటులో ఇరికించకుండా అమర్చే డిజైనరు కావాలి. కాలేజీలు అలాంటివారిని తయారు చేయకపోతే, కంపెనీలు తెలుగు వేయకపోవడానికి ఇంకో సాకు దొరుకుతుంది.

రామన్నపేటకు గ్రాఫిక్ విద్య ఇంకో దారిలో కూడా దగ్గరే. మండలంలోని సిరిపురం, వెల్లంకి చేనేత ఊళ్లు. ఆ పక్కన సంస్థాన్ నారాయణపురం మండలంలో పుట్టపాక. ఇక్కడ చీర డిజైను ముందు గ్రాఫ్ కాగితం మీద గడులుగా పుడుతుంది. ఆ గడుల లెక్క ప్రకారం నూలుకు చిటికి కట్టి రంగులో ముంచుతారు. ఒక గడి తప్పితే మగ్గం మీద పువ్వు విరుగుతుంది. కంప్యూటరు తెర కూడా గడుల మీదే బొమ్మ కడుతుందని తెలిసినవారికి, ఈ ఊళ్ల నేతగాళ్లు ఎంత కాలంగా ఆ లెక్కలో ఆలోచిస్తున్నారో అర్థమవుతుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో. అయినా మిల్లుల్లో ఆ డిజైన్లను గుడ్డ మీద అచ్చువేసి పోచంపల్లి పేరుతో అమ్మేవారున్నారు. ఆ అచ్చు ఫైలు ఎవరో ఒక డిజైనరు తయారు చేసిందే. కాపీరైటు, డిజైను హక్కు, భౌగోళిక గుర్తింపు వేర్వేరని, ఏది ఎవరిదని చెప్పని డిగ్రీ తన విద్యార్థిని ఆ తప్పు వైపు తానే నెడుతుంది. ఈ పాఠం సిలబస్‌లో ఉందా అన్నది చూడాలి, నేతగాడే వచ్చి చెబుతున్నాడా అన్నది ఇంకా చూడాలి.

అధ్యాపకుల విషయం ఇక్కడే వస్తుంది. అక్షరాలు కూర్చి నలభై ఏళ్లు బతికినవాడికి పీహెచ్‌డీ ఉండదు. ఇదివరకు అతడిని తరగతిలోకి తేవడానికి నిబంధనలు అడ్డు. 2022లో యూజీసీ ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అన్న దారి తెరిచింది. డిగ్రీ లేకున్నా తన రంగంలో నిరూపించుకున్నవారిని, మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకుండా తీసుకోవచ్చు. ఒక ఆఫ్‌సెట్ ఫోర్‌మన్, ఒక కాతిబ్, ఒక చిటికి డిజైనరు ఆ దారిన తరగతిలోకి వచ్చారా లేదా అన్నది ఒక్క ఫోను కాలుతో తెలుసుకోదగ్గ విషయం. శాశ్వత అధ్యాపకులు కూడా బయట పని చేస్తున్నారా, వారి పుస్తకాలు, పోస్టర్లు గత రెండు మూడేళ్లలో అచ్చయ్యాయా అని అడగడం మర్యాద తప్పడం కాదు.

పూర్వ విద్యార్థుల గురించి గర్వపడాల్సిందే. చిత్రకారుడు లక్ష్మాగౌడ్ హైదరాబాదు కాలేజీలో చదివి, బరోడా వెళ్లి ప్రింట్‌మేకింగ్ నేర్చి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. మన జిల్లాలోని కదిరేనిగూడెంలో పుట్టిన ఏలే లక్ష్మణ్ 2014లో తెలంగాణ రాజముద్రకు రూపం ఇచ్చారు. ఆ పేర్లు చూసి కాలేజీలో చేరడం సహజం. అయితే విలువ కట్టేటప్పుడు, ఆ తరగతుల్లోనే చదివి పేరు తెలియకుండా పనిచేస్తున్నవారి సంగతి అడగాలి. అయిదేళ్ల కింద డిగ్రీ పుచ్చుకున్న బ్యాచి మొత్తం ఇవాళ ఎక్కడుంది? పత్రికలోనా, ప్యాకేజింగ్ కంపెనీలోనా, సినిమా పబ్లిసిటీలోనా, సొంత డీటీపీ దుకాణంలోనా, లేక ఈ రంగమే వదిలేశారా? వదిలేసినవారు ఎందుకు వదిలేశారు? ఈ లెక్క కాలేజీ దగ్గర లేకపోతే, తన పని తనకే తెలియదని అర్థం.

పల్లె నుంచి వచ్చే పిల్లకు ఎదురయ్యే ఇబ్బందులు కొలతలో చేరాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినా రంగులు, కాగితం, మంచి కంప్యూటరు, ప్రింట్ల ఖర్చు ఇంటి మీదే పడుతుంది. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల మొదటి ఏడాదిలో ఇంగ్లీషు థియరీ పేపర్ల దగ్గర కుంగిపోతుంది, ఆమె చెయ్యి తరగతిలో అందరికన్నా మంచిదైనా సరే. చేరిన తెలుగు మాధ్యమం పిల్లల్లో ఎంతమంది చివరి ఏడాది దాకా నిలిచారు అన్న ఒక్క అంకె, కాలేజీ గుణం గురించి చాలా చెబుతుంది. సాయంత్రం ల్యాబు ఎన్ని గంటలకు మూస్తారు, ఆడపిల్లల హాస్టలు ఎంత దూరం అన్నవి కూడా ఈ చదువులో విద్యా విషయాలే. ఇంట్లో కంప్యూటరు లేని పిల్ల ల్యాబులోనే నేర్చుకోవాలి.

రామన్నపేటలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది, నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది. పూర్తి బి.ఎఫ్.ఎ. ఇక్కడ పెట్టమని కోరడం ఇప్పటికి తొందరపాటు. అధ్యాపకులు, యంత్రాలు లేకుండా బోర్డు ఒక్కటే కట్టడం పిల్లలకు అన్యాయం. తెలుగు యూనికోడ్ కూర్పు, పుస్తక నిర్మాణం, చేనేత గ్రాఫ్ డిజైను కలిపి ఒక చిన్న సర్టిఫికెట్ కోర్సు మాత్రం ఇక్కడి వనరులతోనే సాధ్యం. బీకాం, బీఎస్సీ చదివే పిల్లలు దానితోపాటే నేర్చుకోవచ్చు. ఆ చెయ్యి కుదిరినవారు ప్రవేశపరీక్షకు వెళతారు. మిగిలినవారికి ఊళ్లోనే పని దొరుకుతుంది.

విశ్వవిద్యాలయాలను కోరవలసింది ఇది: ప్రతి ఏడాది ఉత్తీర్ణులైన ప్రతి విద్యార్థి పనినీ, ఒక్కొక్కరివి మూడేసి చొప్పున, అందులో ఒకటి తప్పక తెలుగులో, అందరికీ కనిపించేలా పెట్టండి. అయిదేళ్ల తరువాత వారెక్కడున్నారో లెక్క ప్రచురించండి. తల్లిదండ్రులకు చెప్పవలసింది ఇంకా సులువు. ఫీజు కట్టక ముందే, వార్షిక ప్రదర్శన రోజుల్లో, పిల్లను వెంటబెట్టుకుని రామన్నపేట స్టేషన్లో సికింద్రాబాదు రైలెక్కండి. మొదటి గదిలో ఆగకుండా వెనక గదిలోకి వెళ్లి, ఏ బహుమతీ రాని విద్యార్థి బల్ల ముందు నిలబడి, ఈ తెలుగు అక్షరాన్ని ఇలా ఎందుకు పెట్టావని అడగండి. అతడు తడుముకోకుండా, ఇష్టంగా వివరించి చెబితే, మీ పిల్లను ఆ కాలేజీలో చేర్చండి.